పొరపాటు ఒక ఏడాది, నోటీసు మరో ఏడాది: వైద్యుల, ల్యాబ్‌ల బాధ్యత బీమా ఎలా పనిచేస్తుంది?

1990లో హైదరాబాద్‌లోని నిమ్స్‌లో ఒక ఇంజనీరింగ్ విద్యార్థికి ఛాతీలో కణితి తీసేందుకు శస్త్రచికిత్స జరిగింది. ఆ తరువాత అతని శరీరం కింది భాగం చచ్చుబడిపోయింది. నిర్లక్ష్యం జరిగిందని జాతీయ వినియోగదారుల కమిషన్ తేల్చింది. 2009 మే నెలలో సుప్రీంకోర్టు పరిహారాన్ని కోటి రూపాయలకు పెంచింది. శస్త్రచికిత్సకూ చివరి తీర్పుకూ మధ్య దాదాపు 19 ఏళ్లు గడిచాయి.

ఇంత కాలం సాగే కేసుల్లో ఏ ఏడాది బీమా పాలసీ డబ్బు చెల్లించాలి? చికిత్స జరిగిన ఏడాదిదా, ఫిర్యాదు అందిన ఏడాదిదా, తీర్పు వెలువడిన ఏడాదిదా? వైద్యులు, ఆసుపత్రులు, రోగ నిర్ధారణ కేంద్రాలు తీసుకునే వృత్తి బాధ్యత బీమాలో అన్నిటికన్నా ఎక్కువగా అపార్థానికి గురయ్యే విషయం ఇదే. ప్రీమియం ఎంత, బీమా మొత్తం ఎంత అని అందరూ అడుగుతారు. తేదీల గురించి అడిగేవారు తక్కువ. పాలసీ ఆదుకుంటుందా లేదా అన్నది చాలాసార్లు ఆ తేదీలే తేలుస్తాయి.

ఇది రోగికి ఇచ్చే బీమా కాదు

మన దగ్గర దీన్ని ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ అంటారు. ఆసుపత్రులూ ల్యాబ్‌లూ తీసుకునే దాన్ని ఎర్రర్స్ అండ్ ఒమిషన్స్ పాలసీ అని కూడా పిలుస్తారు. వృత్తిపరమైన నిర్లక్ష్యం వల్ల రోగికి హాని జరిగి, చట్టప్రకారం పరిహారం చెల్లించాల్సిన బాధ్యత వైద్యుడి మీద పడితే, ఆ భారాన్ని బీమా సంస్థ నిర్ణీత పరిమితి వరకు మోస్తుంది. కేసు ఖర్చులు, న్యాయవాది ఫీజు కూడా ఇందులోకి వస్తాయి. నిర్లక్ష్యం లేదని కేసు కొట్టేసినా వాదించుకోవడానికి ఖర్చవుతుంది కాబట్టి, చాలామంది వైద్యులకు ఈ బీమా ఉపయోగపడేది ఇక్కడే.

చికిత్స ఫలించకపోవడం, దుష్ప్రభావం రావడం, రోగి చనిపోవడం వాటంతట అవే నిర్లక్ష్యం కావు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టంగా చెప్పింది. ఆ వృత్తిలో సాధారణ నైపుణ్యం ఉన్న వైద్యుడు అదే పరిస్థితిలో చూపాల్సిన జాగ్రత్త చూపాడా అన్నదే కొలమానం. ఆ జాగ్రత్త చూపినా ఫలితం చెడితే చట్టపరమైన బాధ్యత ఉండదు, బాధ్యత లేకపోతే బీమా సంస్థ రోగికి చెల్లించేదీ ఉండదు. ప్రమాద బీమాలో ప్రమాదం జరిగితే చాలు, డబ్బు వస్తుంది. ఇక్కడ తప్పు రుజువు కావాలి, లేదా బీమా సంస్థ రాజీకి ఒప్పుకోవాలి.

ఈ బీమాకు మన దేశంలో గిరాకీ పెరిగింది 1995 నవంబరు 13 తరువాతే. ఆ రోజు వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు వైద్య సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తాయని తీర్పు చెప్పింది. అందరికీ పూర్తిగా ఉచితంగా సేవలందించే చోట్లకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. కొందరి దగ్గర డబ్బు తీసుకుని మరికొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రిలో ఆ ఉచిత రోగులు కూడా వినియోగదారులే. రోగి తరఫున యజమానో బీమా సంస్థో చెల్లించినా అది ఉచిత సేవ కాదని అదే తీర్పు చెప్పింది. ఆరోగ్యశ్రీ లాంటి పథకాల కింద జరిగే చికిత్సల విషయంలో రోగుల తరఫు వాదన ఈ తర్కం మీదే నిలబడుతుంది. 2019 నాటి కొత్త చట్టంలోని ‘సేవ’ నిర్వచనంలో వైద్యం అన్న మాట లేదు కాబట్టి వైద్యులు దాని పరిధిలో లేరన్న వాదనను బొంబాయి హైకోర్టు 2021లో తోసిపుచ్చింది. 2022లో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు.

ఏ తేదీ లెక్కలోకి వస్తుంది?

మన దేశంలో ఈ పాలసీలు సాధారణంగా ‘క్లెయిమ్స్ మేడ్’ పద్ధతిలో నడుస్తాయి. అంటే పొరపాటు ఎప్పుడు జరిగిందన్నది ఒక్కటే చాలదు. పరిహారం కోరుతూ రోగి నోటీసు ఇచ్చిన రోజున పాలసీ అమల్లో ఉండాలి. దాంతో పాటు, ఆ చికిత్స లేదా పరీక్ష జరిగిన రోజు పాలసీలో రాసి ఉన్న ‘రెట్రోయాక్టివ్ తేదీ’ తరువాత అయి ఉండాలి. సాధారణంగా మొదటి పాలసీ మొదలైన రోజే రెట్రోయాక్టివ్ తేదీ అవుతుంది. ఏటా తెగకుండా పునరుద్ధరిస్తూ పోతే ఆ పాత తేదీ కొనసాగుతుంది. మధ్యలో ఒక్క విరామం వస్తే కొత్త పాలసీ కొత్త తేదీతో మొదలయ్యే ప్రమాదం ఉంది.

ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. ఒక ల్యాబ్ చాలా ఏళ్లుగా ఒకే బీమా సంస్థ దగ్గర పాలసీ నడుపుతోంది. 2021 మార్చిలో ఒక మహిళ రొమ్ములోని గడ్డ నుంచి తీసిన ముక్కను (బయాప్సీ) చూసి, హానికరం కాదని ఆ ల్యాబ్ రిపోర్టు ఇచ్చింది. 2023 ఏప్రిల్‌లో ల్యాబ్ యజమాని ప్రీమియం తక్కువని మరో బీమా సంస్థకు మారాడు. కొత్త పాలసీలో రెట్రోయాక్టివ్ తేదీ 2023 ఏప్రిల్ 1 అని పడింది, ఆయన గమనించలేదు. 2024 ఆగస్టులో ఆ మహిళకు క్యాన్సర్ బయటపడింది. పాత స్లైడును (ఆ ముక్కను ఉంచిన గాజు పలక) మరో పాథాలజిస్టుకు (కణజాలాన్ని పరీక్షించే వైద్యుడు) చూపిస్తే, కణాల్లో మార్పు అప్పుడే ఉందని తేలింది. 2025 జనవరిలో ల్యాబ్‌కు నోటీసు వచ్చింది.

నోటీసు వచ్చేనాటికి తమ పాలసీ ముగిసిందని పాత సంస్థ అంటుంది. రిపోర్టు ఇచ్చిన రోజు తమ రెట్రోయాక్టివ్ తేదీకి ముందుదని కొత్త సంస్థ అంటుంది. ఒప్పందాల ప్రకారం ఇద్దరి మాటా నిజమే. ఒక్క రోజు కూడా పాలసీ లేకుండా గడపని ల్యాబ్‌కు ఈ క్లెయిమ్ విషయంలో బీమా లేనట్టే అయింది. సంస్థ మారేటప్పుడు పాత రెట్రోయాక్టివ్ తేదీని కొనసాగిస్తున్నట్లు కొత్త పాలసీలో రాయించుకుని ఉంటే ఈ పరిస్థితి వచ్చేది కాదు.

ఇంతకన్నా విస్తృతమైనది ‘అకరెన్స్’ పద్ధతి. ఘటన జరిగిన రోజు అమల్లో ఉన్న పాలసీయే, క్లెయిమ్ ఎన్నేళ్లకు వచ్చినా చెల్లిస్తుంది. ఇంగ్లండులో కుటుంబ వైద్యుల కోసం 2019 ఏప్రిల్‌లో ప్రభుత్వం మొదలుపెట్టిన పథకం ఈ పద్ధతిలోనే ఉంది. అయితే ఇరవై ఏళ్ల తరువాత వచ్చే క్లెయిమ్‌కు ఎంత చెల్లించాల్సి వస్తుందో ఇప్పుడే అంచనా వేసి ప్రీమియం నిర్ణయించడం కష్టం. అందుకే ప్రైవేటు బీమా సంస్థలు క్లెయిమ్స్ మేడ్ వైపు మొగ్గుతాయి. వాటి వాదనలో పస ఉంది: ఆ ఏడాది వచ్చే క్లెయిమ్‌లకే బాధ్యులైతే ప్రీమియం తక్కువగా ఉంచగలవు.

ప్రాక్టీసు మానేసే వైద్యుల మీద ఈ పద్ధతి భారం ఎక్కువ. ఉద్యోగ విరమణ చేసినవారు, చిన్న నర్సింగ్ హోమ్ మూసేసినవారు, కొన్నేళ్లు ఇక్కడ పనిచేసి అమెరికాకో బ్రిటన్‌కో వెళ్లిపోయిన యువ వైద్యులు ఇక అవసరం లేదని ప్రీమియం ఆపేస్తారు. అప్పటికే చేసిన చికిత్సల మీద ఫిర్యాదులు ఆ తరువాత కూడా రావచ్చు. అమెరికాలో పనిచేసే తెలుగు వైద్యులకు ‘టెయిల్ కవరేజ్’ అన్న మాట సుపరిచితం. పాలసీ ముగిశాక వచ్చే క్లెయిమ్‌ల కోసం విడిగా కొనుక్కునే రక్షణ అది. ఇక్కడ ఆ ఏర్పాటు గురించి పాలసీ కొనేటప్పుడే అడగాలన్న ఆలోచన చాలామందికి రాదు.

రోగి గడియారం వేరు

పాలసీకి ఒక కాలపరిమితి ఉన్నట్లే ఫిర్యాదుకూ ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 69వ సెక్షన్ ప్రకారం, ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు కమిషన్‌ను ఆశ్రయించాలి. ఆ కారణం ఏ రోజున ఏర్పడినట్టు? శస్త్రచికిత్సలో కడుపులో గాజ్ (పల్చని కట్టు గుడ్డ) మరచిపోయారన్న ఫిర్యాదుపై సుప్రీంకోర్టు 2010లో దీన్ని చర్చించింది. హాని వెంటనే కనిపిస్తే ఆ రోజు నుంచి, కనిపించకపోతే తగిన శ్రద్ధ చూపిన రోగికి తెలిసిన లేదా తెలియగలిగిన రోజు నుంచి కాలం లెక్కించాలని చెప్పింది. ఆ కేసులో మాత్రం ఫిర్యాదుదారు ఓడిపోయారు. 1993 శస్త్రచికిత్స నుంచి నొప్పి ఉన్నా ఏళ్ల తరబడి ఆ సర్జన్‌ను సంప్రదించలేదని, స్వయంగా నర్సు అయిన ఆమె కారణం తెలుసుకునే ప్రయత్నం చేయాల్సిందని కోర్టు భావించింది.

రోగి గడియారం హాని తెలిసిన రోజున మొదలు కావచ్చు. పాలసీ గడియారం పునరుద్ధరణ తేదీతో నడుస్తుంది. ఈ రెండింటికీ పొంతన లేకపోవడమే పై ఉదాహరణలోని ల్యాబ్‌ను ముంచింది. శస్త్రచికిత్సలో జరిగిన హాని తరచుగా రోజుల్లో బయటపడుతుంది. తప్పుగా చదివిన స్లైడు మాత్రం ఏళ్ల తరువాత కూడా బయటపడవచ్చు. అందుకే ఈ తేదీల చిక్కు సర్జన్ కన్నా పాథాలజిస్టును ఎక్కువగా తాకుతుంది. ల్యాబ్ బీమా గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడాకు ఇవ్వాల్సినంత ప్రాధాన్యం మనం ఇవ్వడం లేదన్నది నా అభిప్రాయం.

ల్యాబ్‌లో తప్పు ఎవరిది?

పరీక్షా కేంద్రాల్లో పొరపాట్లలో ఎక్కువ భాగం యంత్రం దగ్గర జరగవు. శాంపిల్ యంత్రానికి చేరకముందే జరుగుతాయి. పేరు రాయడంలో తారుమారు, తప్పు ట్యూబు, రక్తకణాలు చితికిపోవడం, ఎండలో ఎక్కువసేపు ఉంచడం లాంటివి.

పొటాషియం పరీక్షనే తీసుకుందాం. ఊదారంగు మూత ఉన్న ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. సాధారణంగా అది పొటాషియం లవణం రూపంలో ఉంటుంది. ఇంటికి వచ్చి రక్తం తీసిన కుర్రవాడు చాలలేదని ఊదా ట్యూబులోంచి కొంత రక్తాన్ని వేరే ట్యూబులోకి వంచాడనుకోండి. రిపోర్టులో పొటాషియం అసలు కన్నా చాలా ఎక్కువగా, కాల్షియం తక్కువగా వస్తుంది. మామూలుగా లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ ఉండాల్సిన పొటాషియం 8 అని కనిపిస్తే గుండెకు ప్రమాదమని వైద్యుడు కంగారుపడతాడు. దాన్ని తగ్గించడానికి ఇన్సులిన్ ఇచ్చాక రోగి చక్కెర బాగా పడిపోయి హాని జరిగిందనుకుందాం.

ఇందులో రక్తం తీసిన వ్యక్తి ఉన్నాడు. అతన్ని పనిలో పెట్టుకున్న కలెక్షన్ సెంటర్ ఉంది, అది తరచుగా ఫ్రాంచైజీ. పరీక్ష చేసిన ప్రధాన ల్యాబ్ ఉంది. సంతకం చేసిన పాథాలజిస్టు ఉన్నాడు. పొటాషియం అంత ఎక్కువగా, కాల్షియం అంత తక్కువగా ఒకేసారి రావడం అనుమానాస్పదమని గమనించాల్సిన బాధ్యత ఆయనకు ఉంది. ఈసీజీ తీయకుండా, మళ్లీ పరీక్ష చేయించకుండా చికిత్స మొదలుపెట్టిన వైద్యుడూ ఉన్నాడు. రోగి వీరందరినీ ప్రతివాదులుగా చేర్చవచ్చు, కమిషన్ వారిని ఉమ్మడి బాధ్యులుగా కూడా ప్రకటించవచ్చు. ప్రధాన ల్యాబ్ పాలసీలో ‘బీమా పొందినవారు’ అన్న నిర్వచనంలో ఫ్రాంచైజీ సిబ్బంది లేకపోతే ఆ వాటా బీమా లేకుండా మిగిలిపోతుంది.

అర్హత ప్రశ్న కూడా ఉంది. ల్యాబ్ రిపోర్టులపై సంతకం చేయాల్సింది పాథాలజీలో పీజీ అర్హత ఉన్న రిజిస్టర్డ్ వైద్యుడేనని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో స్పష్టం చేసింది. టెక్నీషియనే స్కాన్ చేసిన సంతకం పెట్టి రిపోర్టు పంపే చోట, అర్హత లేని వ్యక్తి చేసిన పని అన్న మినహాయింపును బీమా సంస్థ ముందుకు తెస్తుంది.

ఒక్కో క్లెయిముకు ఎంత? ఏడాదికి ఎంత?

పాలసీలో రెండు పరిమితులు ఉంటాయి: ఒక్కో ఘటనకు గరిష్ఠం, ఏడాది మొత్తానికి గరిష్ఠం. వీటి నిష్పత్తి 1:1 నుంచి 1:4 వరకు ఉంటుంది. ఏడాది పరిమితి 40 లక్షల రూపాయలు, నిష్పత్తి 1:4 అయితే ఒక్కో క్లెయిముకు 10 లక్షలే వస్తాయి. 25 లక్షల పరిహారం పడితే మిగతా 15 లక్షలు వైద్యుడివే. అదే 1:1 అయితే ఆ 25 లక్షలూ వస్తాయి, కానీ ఆ ఏడాది ఇక మిగిలేది 15 లక్షలే. ‘నాకు 40 లక్షల పాలసీ ఉంది’ అనే వైద్యుడి చేతిలో నిజంగా ఎంత రక్షణ ఉందో ఆ నిష్పత్తి చూస్తే గాని తెలియదు.

కాలం కూడా ఈ పరిమితిని తినేస్తుంది. 20 లక్షల పరిమితి ఉన్న ఏడాదిలో క్లెయిము వచ్చిందనుకోండి. కేసు ఎనిమిదేళ్లు నడిచి, 18 లక్షల పరిహారం, దానిపై ఏటా 9 శాతం బారువడ్డీ చెల్లించాలని ఆదేశం వచ్చింది. వడ్డీ 12.96 లక్షలు, మొత్తం 30.96 లక్షలు. న్యాయవాద ఖర్చు 3 లక్షలు కూడా ఆ 20 లక్షల్లోంచే పోయే పాలసీ అయితే పరిహారానికి మిగిలేది 17 లక్షలు. వైద్యుడు 13.96 లక్షలు సొంతంగా కట్టాలి. మధ్యలో పరిమితిని కోటికి పెంచుకున్నా సాధారణంగా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఆ క్లెయిము పాత ఏడాదికి చెందింది.

బీమా మొత్తం ఎంత పెట్టుకోవాలన్నది తేల్చడం కష్టం, ఎందుకంటే పరిహారం తప్పు తీవ్రతను బట్టి మాత్రమే నిర్ణయం కాదు. హైదరాబాద్‌లో మలేరియా జ్వరంతో ఉన్న మహిళకు టైఫాయిడ్ అనుకుని చికిత్స చేయగా ఆమె చనిపోయిన కేసులో, జిల్లా ఫోరం ఇచ్చిన 2 లక్షల పరిహారాన్ని సుప్రీంకోర్టు 2010లో పునరుద్ధరించింది. తప్పు స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అవసరం లేదని చెప్పిన కేసు కూడా అదే. 2013లో కోల్‌కతాకు చెందిన అనురాధా సాహా కేసులో అదే కోర్టు సుమారు 6 కోట్లు, వడ్డీతో సహా ఇవ్వాలని తీర్పు చెప్పింది. రెండు చోట్లా పోయింది ఒక ప్రాణమే. సాహా అమెరికాలో స్థిరపడిన పిల్లల మనస్తత్వ నిపుణురాలు కావడంతో, ఆమె సంపాదించగలిగిన ఆదాయం లెక్కలోకి వచ్చింది. ఆదాయం ప్రాతిపదికగా పరిహారం లెక్కించడం న్యాయమేనా అన్న ప్రశ్న బీమాకు బయటిదే, కానీ నన్ను వదలని ప్రశ్న.

ఆసుపత్రి పాలసీ ఉంటే వైద్యుడికి చాలదా?

తన సిబ్బంది తప్పుకు ఆసుపత్రి బాధ్యత వహిస్తుంది. టైఫాయిడ్‌తో చేరిన పసివాడికి ఒక మందు బదులు నర్సు మరొకటి ఇంజెక్షన్ ఇవ్వడంతో మెదడు దెబ్బతిన్న కేసులో, 1998లో సుప్రీంకోర్టు పిల్లవాడికి 12.5 లక్షలు, తల్లిదండ్రులకు 5 లక్షలు ఇవ్వాలన్న ఆదేశాన్ని సమర్థించింది. వారానికి రెండు రోజులు వచ్చి వెళ్లే కన్సల్టెంట్ విషయంలోనూ ఆసుపత్రి తప్పించుకోలేదని 2004 నాటి సవితా గార్గ్ తీర్పు చెబుతోంది.

దీన్ని చూసి, ఆసుపత్రికి పాలసీ ఉంటే తమకు అక్కర్లేదని కొందరు కన్సల్టెంట్లు అనుకుంటారు. ఆసుపత్రి పాలసీ రక్షించేది ఆసుపత్రిని. కన్సల్టెంట్ పేరు అందులో లేకపోతే, రోగికి డబ్బు చెల్లించిన బీమా సంస్థ ఆసుపత్రి స్థానంలో నిలబడి ఆ కన్సల్టెంట్ నుంచి వసూలు చేసుకోవడానికి ప్రయత్నించవచ్చు.

క్షమాపణ చెప్పవచ్చా?

బీమా సంస్థ లిఖితపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోకూడదని, డబ్బు ఇస్తామనకూడదని పాలసీల్లో షరతు ఉంటుంది. బీమా సంస్థ కోణంలో అర్థం చేసుకోదగినదే: చెల్లించేది తామైనప్పుడు ఒప్పందం వేరొకరు చేసేస్తే ఎలా? రోగి కుటుంబానికి మాత్రం ఆ మౌనం మరో గాయం. ఏం జరిగిందో చెప్పే మనిషి లేకపోవడమే చాలామందిని కోర్టు మెట్లెక్కిస్తుంది. జరిగినదాన్ని వివరించడానికీ, విచారం వ్యక్తం చేయడానికీ, చట్టపరమైన బాధ్యతను అంగీకరించడానికీ మధ్య తేడా ఉంది. షరతు అడ్డుకునేది మూడోదాన్ని. భయం వల్ల మొదటి రెండూ కూడా ఆగిపోతున్నాయి.

మరో షరతు మినహాయింపుల గురించి. మద్యం మత్తులో చేసిన పని, కావాలని చేసిన హాని, జరిమానాలు, శిక్షలు పరిహార పరిధిలోకి రావు. సౌందర్య చికిత్సలు, బరువు తగ్గించే చికిత్సలను చాలా పాలసీలు మినహాయిస్తాయి. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద రిజిస్టర్డ్ వైద్యుడికి రెండేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. క్రిమినల్ కేసు వాదనకయ్యే ఖర్చును కొన్ని పాలసీలు భరిస్తాయి, శిక్షను ఏ పాలసీ మోయలేదు.

తప్పనిసరి చేయాలా?

వాహనానికి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. బాధితుడు నేరుగా బీమా సంస్థ నుంచి పరిహారం పొందే ఏర్పాటు మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. వైద్యంలో అలాంటి సాధారణ చట్టం మన దేశంలో లేదు. పాలసీ అన్నది వైద్యుడికీ బీమా సంస్థకూ మధ్య ఒప్పందం, రోగి అందులో భాగస్వామి కాడు. పాలసీ చెల్లదని తేలితే రోగి ఆ ఆదేశాన్ని వైద్యుడి ఆస్తి మీదే అమలు చేయించుకోవాలి. వినియోగదారుల చట్టంలోని 71వ సెక్షన్ సివిల్ కోర్టు ఆదేశంలా (డిక్రీ) అమలు చేసే దారి చూపుతుంది. ఆదేశాన్ని పాటించనివారికి 72వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. పెద్ద ఆసుపత్రి నుంచి వసూలు చేయడం ఒక ఎత్తు, మండల కేంద్రంలో మూతపడిన చిన్న ల్యాబ్ నుంచి వసూలు చేయడం మరో ఎత్తు.

తప్పనిసరి చేయాలనేవారు ఈ రెండో రకం రోగిని చూపిస్తారు. బ్రిటన్‌లో తగిన బాధ్యత రక్షణ లేకుండా వైద్యుడు ప్రాక్టీసు చేయడానికి చట్టం ఒప్పుకోదు. వ్యతిరేకించేవారి భయాలు కూడా కొట్టిపారేయదగినవి కావు. ప్రీమియం భారం ఫీజుల రూపంలో రోగి మీదికే వస్తుందని, కేసులు పెరిగి, భయంతో రాసే అనవసర పరీక్షలు ఇంకా పెరుగుతాయని వారంటారు. న్యూజిలాండ్ 1974 నుంచి మరో దారిలో నడుస్తోంది: చికిత్సలో గాయపడినవారికి ఎవరి తప్పో తేల్చకుండానే ప్రభుత్వ నిధి నుంచి సాయం అందుతుంది. అంత నిధి మన పన్నుల వ్యవస్థ మోయగలదా అన్నది వేరే చర్చ.

చిన్న ల్యాబ్‌లకైనా కనీస బీమా తప్పనిసరి చేయడం వైపే నేను మొగ్గుతాను. అయితే ‘పాలసీ ఉండాలి’ అన్న ఒక్క వాక్యంతో ఆ పని జరగదు. బయాప్సీ ఉదాహరణలోని ల్యాబ్ ఆ నిబంధనను ప్రతి ఏటా పాటించింది, అయినా ఆ మహిళకు బీమా నుంచి రూపాయి వచ్చేది కాదు. సంస్థ మారినప్పుడు పాత రెట్రోయాక్టివ్ తేదీ కొనసాగాలని, ల్యాబ్ మూసేశాక కూడా కొన్నేళ్లు వచ్చే క్లెయిమ్‌లకు రక్షణ ఉండాలని, రోగి నేరుగా బీమా సంస్థను అడిగే హక్కు ఉండాలని ఆ చట్టంలోనే రాసి ఉండాలి.